నాయినకు చేసిన తర్జుమా

అరవయ్యో దశకం మొదట్లో నేను ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరాను. మాది కాజీపేట రైల్వే క్వార్టర్లు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. కాలేజీ ఊరి బయట, ఇంకా సున్నం వాసన పోని గదుల్లో నడిచేది. మోటార్లు విప్పి చూస్తాం, ట్రాన్స్‌ఫార్మర్లు కడతాం అనుకుంటూ చేరిన మాకు మొదటి ఏడాదంతా లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఆ ఏడాదిలో మేం ఒక్క వైరు ముక్కను కూడా ముట్టుకోలేదు. "పునాది గట్టిపడాలి" అనేవారు. ఆ పునాదిలో ఎవరెవరు పూడిపోతారో అప్పుడు మాకు తెలియదు.

లెక్కలు చెప్పే లెక్చరర్‌కు నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. చేతికి అంటకుండా సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునేవాడు. గొంతు ఎన్నడూ పెంచేవాడు కాదు. క్లాసులో తెలుగు మాట ఆయన నోట వచ్చేది కాదు, అంతా ఇంగ్లీషే. పాఠం మాత్రం అద్భుతంగా చెప్పేవాడు, ఆ మాట దాచను. ఆయన గీసిన వృత్తం చూస్తే కంపాసుతో గీసినట్టుండేది.

నెలకోసారి పరీక్ష పెట్టి, మార్కుల ప్రకారం మమ్మల్ని మళ్లీ కూర్చోబెట్టేవాడు. ముందు బెంచీకి ఆయన పెట్టిన పేరు హైటెన్షన్. చివరి బెంచీ పేరు ఎర్త్. "భూమి పొటెన్షియల్ సున్నా. అక్కడికి ఎంత పంపినా ఏమీ పెరగదు" అని మొదటి రోజే వివరించాడు. అందరం నవ్వాం. అప్పటికి ఎవరమూ ఆ బెంచీ మీద కూర్చోలేదు.

మొదటి నెల నా పక్కన కూర్చున్నవాడు డోర్నకల్ దగ్గరి నుంచి వచ్చాడు. మిషన్ బడిలో తెలుగులో చదివాడు. వాళ్ల నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. ఎండలో వానలో పట్టాల వెంట నడుస్తూ, సడలిన బోల్టులు బిగిస్తూ, స్లీపర్ల కింద కంకర కూరే పని. మావాడు హాస్టల్లో ఉండేవాడు. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవాడు. లెక్కలంటే వాడికి ప్రాణం. కానీ ఇంగ్లీషులో ఇచ్చిన లెక్కను ముందు మనసులో తెలుగు చేసుకుని, తెలుగులో విడగొట్టి, మళ్లీ ఇంగ్లీషులో రాసేవాడు. అంతలో గంట కొట్టేవాళ్లు. మొదటి పరీక్షకే వాడు ఎర్త్ బెంచీకి వెళ్లాడు.

ఒకరోజు మైనస్ ఒకటి వర్గమూలం అనే ఊహాసంఖ్య గురించి పాఠం. మిగతా లోకం దాన్ని ఐ అంటుంది, కరెంటుకు గుర్తుగా ఐ వాడతాం కాబట్టి మనం జె అందాం అని లెక్చరర్ చెప్పాడు. మావాడు వెనక నుంచి లేచాడు. ఇంగ్లీషు వెతుక్కున్నాడు, దొరకలేదు.

"సార్, లేని సంఖ్య అంటాన్రు గదా. లేనిదానితోని ఉన్న కరెంటును ఎట్ల లెక్కగడ్తం సార్?"

అది మా అందరి మనసులో ఉన్న ప్రశ్నే.  ముందు బెంచీ వైపు తిరిగి లెక్చరర్ ఇంగ్లీషులో, "ఈ భాష ఎవరికైనా అర్థమైతే నాకు చెప్పండి" అన్నాడు. నవ్వులు. "ఊహాసంఖ్యకు ఉదాహరణ కావాలంటే వెనక్కి తిరిగి చూడండి. అక్కడొక ఊహా విద్యార్థి నిలబడ్డాడు." మళ్లీ నవ్వులు. గంట కొట్టేదాకా వాణ్ణి కూర్చోమనలేదు.

మరుసటి క్లాసులో అదే సంగతిని ముందు బెంచీకి ముచ్చటగా విప్పి చెప్పాడు. జె తో గుణించడమంటే గీతను లంబకోణం తిప్పడం. రెండుసార్లు తిప్పితే గీత వెనక్కి చూస్తుంది, అదే మైనస్ ఒకటి. అర్థమైన ఆనందంలో మావాడు చివరి బెంచీలోంచి, "గట్లనా! తిరుగుడా!" అన్నాడు పైకే. ఆ రోజు నుంచి క్లాసులో వాడి పేరు తిరుగుడు. వరండాలో ఎదురైతే వేలు గిర్రున తిప్పి చూపేవాళ్లు. వాడూ నవ్వేవాడు. ఏం చేస్తాడు?

చలికాలం మొదలైంది. ఒక మధ్యాహ్నం లెక్కల క్లాసు జరుగుతుండగా గుమ్మం దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నీలం చొక్కా, మోకాళ్ల దాకా పంచె, భుజాన మడిచిన నల్ల గొంగడి. హాస్టల్లో కొడుకు చలికి వణుకుతాడని గొంగడి ఇవ్వడానికి ప్యాసింజరు బండిలో వచ్చాడు. హాస్టల్లో ఎవరో క్లాసు గది చూపించారట. తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూస్తూ కొడుకును వెతుకుతున్నాడు.

"ఎవరది?" అన్నాడు లెక్చరర్.

మావాడు లేచాడు. "మా నాయిన సార్."

లెక్చరర్ ముఖం వెలిగింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి స్వయంగా గుమ్మం దాకా వెళ్లాడు. రమ్మని చేయి చూపాడు. తన కుర్చీని వేదిక మధ్యకు జరిపి కూర్చోమన్నాడు. ఆ పెద్దమనిషి మొదట వేదిక అంచున నేల మీద కూర్చోబోయాడు. లెక్చరర్ భుజం పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన అంచున కూర్చుని గొంగడిని ఒళ్లో పెట్టుకున్నాడు. కొడుకు మిత్రులందరినీ ఒకసారి కలయజూసి నవ్వాడు.

"ఇలా రా. మీ నాన్నగారికి నా మాటలు తర్జుమా చెయ్యి" అని మావాణ్ణి ముందుకు పిలిచాడు లెక్చరర్.

వాడు వెళ్లి తండ్రి పక్కన నిలబడ్డాడు.

"ఈ బ్రాంచి మొత్తంలో అందరికంటే కింద ఉన్నవాడు నువ్వేనని చెప్పు" అన్నాడు లెక్చరర్ ఇంగ్లీషులో, అదే మెత్తని గొంతుతో.

మావాడు తండ్రి వైపు తిరిగాడు.

"నేను మంచిగ చదువుతాన్ననట నాయినా. జర కష్టపడితె ముంగటికొస్తనట."

 మాకు రెండు భాషలూ వచ్చు. గది గదంతా పగలబడి నవ్వింది. కొడుకు మీద ఇంత ప్రేమ ఉందా వీళ్లకు అనుకున్నాడేమో, తండ్రి కూడా నవ్వాడు.

లెక్చరర్ నవ్వలేదు. ఆయనకు ఆట దొరికింది. "ఈయన రోజూ సుత్తితో ఇనుమును కొడతాడు కదా. ఇంట్లో ఉన్న ఈ తల మీద కూడా కొట్టి చూశాడా, ఏమైనా లోపలికి దిగిందా అని అడుగు."

"ఇంట్ల అందరు మంచిగున్నరా అని అడుగుతాండు నాయినా."

ఈసారి బెంచీలు చరిచారు. హైటెన్షన్ బెంచీలో ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. నవ్వనివాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. కానీ నవ్వని గొంతు ఎవరికి వినిపిస్తుంది?

తండ్రి కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించాడు. "మంచిగున్నం సారూ, దేవుని దయ. మీ అసొంటి పెద్దోల్ల కాడ ఏసినం, మాకేం ఫికర్ లేదు. మా పిలగాన్ని జర సూసుకోండ్రి. తప్పు జేస్తె కొట్టుండ్రి, నేనేమనుకోను."

అప్పుడు లెక్చరర్ తెలుగులో మాట్లాడాడు. క్లాసులో ఆయన నోట నేను విన్న తెలుగు అదొక్కటే.

"అలాగేనండీ. తప్పకుండా."

సాయంత్రం మేమిద్దరం ఆయన్ను కాజీపేట స్టేషన్‌కు తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆయన మాటలే. బండి ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద తెలిసిన గ్యాంగ్‌మన్ ఎవరో కనిపిస్తే చేయి పట్టుకుని ఆపాడు. "మా పిలగాని కాలేజిల పెద్ద సారు, ఆయన కుర్సీ నాకిచ్చి ఆయన నిలవడ్డడే! ఇంట్ల అందరు మంచిగున్నరా అని అడిగిండు!" మావాడు కొళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాడు. ఎంతసేపు తాగాడో, చొక్కా ముందంతా తడిసిపోయింది.

బండి కదిలాక వాడు అన్నది ఒకటే. "నాయినకు ఎన్నడు చెప్పకు. నీకు దండం పెడ్త."

నేను మర్నాడు లెక్చరర్ గదికి వెళ్లాను. 

"ఎందుకట్ల చేసిన్రు సార్ ఆ పెద్దమనిషిని?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన బాధపడ్డాడా?"

"లేదు సార్."

"సంతోషంగా వెళ్లాడా?"

"వెళ్లిండు సార్."

"మరి నీ ఫిర్యాదు ఏమిటి?" అన్నాడు.  మర్నాటి నుంచి, ఏ పరీక్షా లేకుండానే, నన్ను కూడా ఎర్త్ బెంచీలో కూర్చోబెట్టాడు. నాకు అది శిక్షగా తోచలేదు. మావాడి పక్కన చోటు దొరికింది.

ఆ తర్వాత వాడు చదివిన చదువు నేను ఇంకెవరిలోనూ చూడలేదు. సినిమా లేదు, ఊరు లేదు. క్రిస్మస్‌కు కూడా ఇంటికి పోలేదు. తెలుగులో ఆలోచించడం మానేశానని ఒకరోజు చెప్పాడు. గర్వంగా చెప్పాడో, దుఃఖంగా చెప్పాడో తెలియలేదు. సంవత్సరాంతం పరీక్షలో లెక్కల పేపరు బాగా రాశాడు. బయటికొచ్చాక ఇద్దరం జవాబులు సరిచూసుకున్నాం. నాకు తప్పినవి వాడికి సరిపోయాయి.

కానీ ఏడాది పొడుగునా చేసిన పనికి వేసే మార్కులు లెక్చరర్ చేతిలో ఉండేవి. వాడికి సున్నా వేశాడు. రాసిన పేపరు వాణ్ణి గట్టెక్కించలేకపోయింది. తప్పినవాళ్లకు స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఏడాది మళ్లీ చదవడం వాళ్ల ఇంట్లో జరిగే పని కాదు. ప్రిన్సిపాల్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన ఓపిగ్గా విని, "ఆయన చాలా పెద్ద స్కాలర్. ఆయన తీర్పులో నేను జోక్యం చేసుకోను" అన్నాడు. మావాడు హాస్టల్ ఖాళీ చేసి, గొంగడిలో పుస్తకాలు చుట్టుకుని బండెక్కాడు.

నేను మూడో ఏడాదిలో ఉండగా ఒకసారి డోర్నకల్ వెళ్లాను. అప్పటికి వాడు స్టేషన్‌లో పాయింట్స్‌మన్. బండ్లను ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పని. వాళ్ల క్వార్టరుకు తీసుకెళ్లాడు. తల్లి నా ముందు అన్నం గిన్నె పెట్టింది. తండ్రి అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. నన్ను చూసి గుర్తుపట్టి సంబరపడ్డాడు.

"బిడ్డా, ఆ సారు మంచిగున్నడా?"

"మంచిగున్నడు కాకా. పెద్ద పోస్టు వచ్చింది." అది నిజమే. ఆ ఏడాదే ఆయన్ను విభాగానికి అధిపతిని చేశారు.

"వస్తది. అసొంటోల్లకు రాకుంటె ఎవలకొస్తది?" అని, కొడుకు వైపు చూడకుండానే వేలు చూపాడు. "వీనికేం తక్కువైంది చెప్పు. అంత పెద్ద మనిషి నన్ను కుర్సీల కూసోబెట్టి, వీడు ముంగటికొస్తడని చెప్పిండు. ఆయన మాట పోగొట్టి వచ్చిండు. సోమరిపోతు. నేను చచ్చేదాక వీని మొకం సూసి మాట్లాడ."

తల్లి ఊరుకోమన్నట్టు చేయి ఊపింది. ఇది రోజూ జరిగేదేనని ఆమె చేయి ఊపిన తీరులోనే తెలిసింది. మావాడు తల వంచుకుని అన్నం కలుపుతూ, "పులుసు ఏసుకోరా" అన్నాడు నాతో.

నన్ను బండి ఎక్కించడానికి వచ్చినప్పుడు అడిగాను. "ఇంకెన్నాళ్లురా? చెప్పెయ్యి. నువ్వు చెప్పకుంటె నేను చెప్త."

"చెప్పి ఏం జేస్తవ్?" అన్నాడు. డ్యూటీ లాంతరు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆయన పుట్టినకాడికెల్లి ఏ పెద్దమనిషి ముంగటా కుర్సీల కూసోలె. ఆ ఒక్క దినం కూసున్నడు. దాన్ని నేను గుంజుకోవాల్నా?"

"మరి నిన్ను తిడుతుంటే?"

"తిట్టనియ్యి."

బండి వస్తున్నట్టు గంట కొట్టారు. వాడు పట్టాలు దాటి తన పనిలోకి వెళ్లిపోయాడు.