ఫోన్ ఆపేసి వచ్చిన దూరం

కువైట్‌లో నేను వంట చేసే ఇంట్లో రొట్టెలు కాలుస్తుంటే మరిది ఫోన్ చేశాడు. ఉదయగిరి దగ్గర మా గొర్రెల దొడ్లో నా మొగుడిని రక్తపింజరి పాము కరిచిందట. "ఆత్మకూరు ఆస్పత్రిలో ఉండాడు వదినా. బాగానే ఉండాడు. ఒకసారి వచ్చి చూసిపో."

ఆ మాటతో పెనం మీద రొట్టె మాడిపోతున్నా పొయ్యి కట్టెయ్యాలని తోచలేదు. మా వైపు చావు కబురు ఫోన్‌లో ఎవరూ చెప్పరు. మా నాయన పోయినప్పుడు కూడా "కొంచెం నలతగా ఉండాది, రామ్మా" అన్నారు. నేను బత్తాయిలు కొనుక్కుని మరీ వెళ్లాను. వాకిట్లో పాడె కడుతున్నారు. అయినా, బాగానే ఉంటే రమ్మనడం దేనికి?

మరునాడు తెల్లారగట్ల విమానంలో సీటు దొరికింది. ముందు సీటు వెనక చిన్న తెర ఉంది. చెన్నైకి మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా, నాలుగున్నర గంటలు అని చూపిస్తోంది. మొదటిసారి ఎక్కినప్పుడు ఇంతేనా అనుకున్నాను. ఉదయగిరి నుంచి చెన్నై రావడానికే అంతకంటే ఎక్కువ పట్టింది మరి. ఈసారి ఆ అంకెలు కదిలితే ఒట్టు. పక్కావిడ హాయిగా నిద్రపోతుంటే ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఇంకా రెండు వేలు. కింద సముద్రం. దేవుడా, మనిషి ఉన్నాడో లేడో చెప్పే దిక్కు లేదు.

చెన్నైలో దిగగానే అందరూ ఆపేసిన ఫోన్లు తెరిచారు. నేను తెరవలేదు. తెరవనంతసేపూ నా మొగుడు బతికే ఉంటాడు. పిచ్చి లెక్కే. భయానికి బుద్ధుంటుందా? టాక్సీ ఎక్కి ఆత్మకూరు పొమ్మన్నాను. నెల్లూరు దాటాం, పెన్న దాటాం, సంగం దాటాం, ఫోన్ సంచి అడుగునే ఉంది. టీ తాగుదామా అన్న డ్రైవర్‌ని కసిరాను.

పొద్దుగూకే వేళకి ఆస్పత్రిలోకి పరుగెత్తాను. మరిది చెప్పిన మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కూడా తీసేశారు. అక్కడే నేల మీద కూలబడ్డాను. వార్డు ఊడుస్తున్న ఆమె చీపురు పడేసి వచ్చింది.

"పాము కరిచినాయన పెళ్లానివా? పొద్దున్నే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసకపోయినారమ్మా. నీకు ఫోన్ మీద ఫోన్ చేసినారంట, కలవలేదంట."

"బతికుండాడా?"

"బాగానే ఉండాడు."

మళ్లీ ఆ మాటే! ఆమె నోరు మూసెయ్యాలనిపించింది. సముద్రం దాటి వచ్చినదాన్ని, నా మొగుడున్న ఊరు కూడా దాటేసి యాభై కిలోమీటర్లు ఇవతలికి వచ్చేశాను.

అదే టాక్సీలో వెనక్కి తిరిగి నెల్లూరు ఆస్పత్రి మెట్లెక్కాను. చివరి మంచం మీద, కాలు దుంగలా వాచిపోయి, కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు! నా రెండు చేతులూ పట్టుకుని భుజాల దాకా తడిమాడు. ఇరవై ఏళ్ల కాపురంలో నలుగురి ముందు నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు.

"మధ్యాన్నమే దిగాల్సిన విమానం. నీ ఫోన్ మోగలా," అన్నాడు. "వీణ్ణి పదిసార్లు అడిగినాను." పక్కనే నిలబడ్డ మరిదిని చూపించాడు.

"ఏమన్నాడు?"

"బాగానే ఉండాది, వచ్చేస్తాదిలే అన్నాడే. ఆ మాటతో నువ్వింక లేవనుకున్నాను."