హస్తవాసి విచారణ

ఇప్పుడంటే ఫోన్లో రోగం పేరు వెతుక్కుని పోయి మనమే డాక్టరుకు చెప్తున్నాం గానీ, నా కుర్రతనంలో మా వైపు డాక్టరంటే సూది వేసేవాడే. సూది వేయలేదంటే వాడికి వైద్యం రాదని లెక్క. (సూది పడితే ఏడ్చి చచ్చేవాళ్ళం, అది వేరే సంగతి.) నేను ప్రొద్దుటూరులో బట్టల కొట్లో పనికి కుదిరిన కొత్తలో ఒకనాడు చీరలు మడతపెడుతూ కడుపు పట్టుకుని కూలబడ్డాను. కబురందుకుని మా జేజి, అంటే నాయనమ్మ, వచ్చి నన్ను ఆటోలో వేసుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి పోయింది. అక్కడ కొత్తగా చేరిన డాక్టరుది ఘానా దేశం. నల్లజాతి డాక్టరును మా తట్టు చూడటం అదే మొదలు.

ఆయన నా కడుపు నొక్కి చూసి, "అపెండిక్సు. ఈ పొద్దే కోయాల. లోపల పగిలితే ప్రాణానికే మోసం" అన్నాడు. నర్సుల దగ్గర నేర్చిన తెలుగు. జేజి నా చెవిలో, "సూదన్నా ఎయ్యకుండా నేరుగా కోస్తానంటాడేందిరా? నాకు శానా అనుమానంగా ఉండాది" అంది.

"రంగు చూసి భయమా జేజీ?" అన్నాను మూలుగుతూ.

"థూ! మీ తాత ఏమన్నా తెల్లగా ఉండెనా? హస్తవాసి ఉండాదా లేదా అని!"

ఇక పెళ్ళి సంబంధం విచారించినట్టు మొదలుపెట్టింది. "మీ నాయన ఏం చేస్తాడప్పా?"

"డాక్టరు."

"ఆయన నాయన?"

"ఆయనా డాక్టరే అవ్వా. మా తట్టు తొలి నల్ల డాక్టరు. దొరల చదువు చదివినాడని ఆయన చేతి మందు తాగడానికి మావాళ్ళే భయపడినారంట."

"మరి ఎట్ల తాగినారు?"

"ముందు వాళ్ళమ్మకే వైద్యం చేసి చూపించినాడు."

జేజి ఆలోచనలో పడింది. (ఇక్కడ నా ప్రాణం పోతోంది.) "అయితే నా మాదిరి ముసిలోళ్ళు అన్ని దేశాల్లోనూ ఉండారన్నమాట. సరే, కోయప్పా. ముందు ఒక సూది మాత్రం ఎయ్యి."

"మత్తుకు ఎయ్యాల్సిందే గదా అవ్వా!"

జేజి ముఖం వెలిగిపోయింది. (అంత గొప్ప వంశం కంటే ఆ సూదే పని చేసిందని నా అనుమానం.) నేను బతికి బయటపడ్డాను.

మొన్న మనవడికి జ్వరమొస్తే పులివెందులలో చూపించాను. డాక్టరమ్మ ఆ ఘానా డాక్టరు కూతురే, ఆయన ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడట. "మీ నాయన నన్ను బతికించినాడు తల్లీ" అని మా జేజి విచారణంతా చెప్పాను. ఆమె పిల్లవాణ్ణి చూసి, "మాత్రలు చాలు మామా, నీళ్ళు బాగా తాపండి" అంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"సూది ఎయ్యవా తల్లీ?"

ఆమె పకపకా నవ్వింది. "ఆ జేజి మనవడివే మామా, అనుమానం లేదు!"

వాళ్ళింట్లో తరాలుగా వైద్యం వస్తోంది, మా ఇంట్లో అనుమానం. కడుపు మీది పాత కోతను తడుముకుంటే నాకూ నవ్వొచ్చింది. జేజి ఉండి ఉంటే ఆ పిల్లను కూడా విచారించి, ఆ తర్వాత ముద్దు పెట్టుకునేది.