గీతలు గీసిన ఫారం, గోంగూర కట్ట

మా అమ్మాయి కూతురు అనకాపల్లిలో మా దగ్గరే ఉండి నర్సింగ్ చదువుతోంది. రోగిని పరీక్షించి, మాట్లాడి వివరాలు రాబట్టే ప్రాక్టికల్‌లో ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే తోటిపిల్లలు పై ఏడాదికి వెళ్ళిపోతారు, తను వెనకబడిపోతుంది. పరీక్షకి వారం ఉందనగా నన్ను రోగిగా ఉండమంది.

రెవెన్యూ ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి. గీతలు గీసిన కాగితం లేనిదే నాకు ఏ పనీ మొదలవదు. దాని నోట్సు చూసి ప్రశ్నలన్నిటికీ నంబర్లు వేసి, జవాబులకి ఖాళీలు వదిలి ఒక ఫారం తయారుచేశాను. పక్కన నా డైరీలు పెట్టుకున్నాను. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగితే తారీఖు చెప్పేవాణ్ణి, ఏం తిన్నారంటే ఆ పూట కూర చెప్పేవాణ్ణి. పది నిమిషాల్లో ఫారం నిండిపోయేది. ఇద్దరం మురిసిపోయేవాళ్ళం.

మూడో రోజు నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ అది ఫక్కున నవ్వింది.

"తాతయ్యా, మూడు రోజులూ నిమిషానికి సరిగ్గా పదహారు! ఊపిరి లెక్కెట్టుకుని తీస్తున్నావా ఏటి?"

ఒప్పుకున్నాను. పన్నెండు నుంచి ఇరవై ఉండాలని దాని పుస్తకంలో చదివి, మధ్యలో పదహారు ఖాయం చేసుకున్నాను.

"నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, రోగికి తెలీకుండా ఊపిరి లెక్కపెట్టాలి. నీలాంటి పేషెంటు ఎక్కడా ఉండడు. అమ్మమ్మా, నువ్వు రా!"

మా ఆవిడ గోంగూర ఒలుస్తోంది. "నాకేటొచ్చింది? గుండ్రాయిలా ఉన్నాను" అంది.

పిల్ల ఫారం అందుకుంది. "మోకాలి నొప్పి ఎప్పట్నించి?"

"మీ పిన్ని పురుడికొచ్చినప్పట్నించి. ఆ ఏడు బెల్లం ఎంత బాగొచ్చిందనీ! ఎస్. రాయవరం నించి మా అన్నయ్య దిమ్మలు పంపేడు..."

"అది కాదు. నొప్పి ఎంతుంది? పదికి ఎంత?"

"నొప్పికి మార్కులేటే గుంటా?"

పిల్ల మొహం చిన్నబోయింది. "పోయినసారి పరీక్షలోనూ ఇంతే. ఆవిడేదో చెప్పబోతోంది, నేను తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను" అంది.

నేను చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. ఏ తప్పుతో పరీక్ష పోయిందో, దానికే చక్కగా గీతలు గీసి ఇచ్చాను. దాని చేతిలోంచి ఫారం తీసేసుకున్నాను.

పిల్ల వాళ్ళమ్మమ్మ పక్కన చతికిలబడి సగం కట్ట లాక్కుంది. "పొద్దున్న లేచాక ఏం చేస్తావమ్మమ్మా?" అని అడిగి, ఆకు ఒలుస్తూ వింటూ కూచుంది. కాఫీ, ముగ్గు, పాలమ్మాయితో తగువు అన్నీ అయ్యాయి.

"మరి బీపీ మాత్ర?"

"తల తిరిగిన రోజు ఏసుకుంటాను. బాగున్న రోజు మందెందుకు?"

గబగబా డైరీ తిరగేశాను. రోజూ పొద్దున్న అడిగి, ఆవిడ "ఆఁ" అన్నాకే డైరీలో టిక్కు పెడుతున్నాను. రెండేళ్ళ టిక్కులు!

"ఆఁ అన్నావుగా?"

"పెన్ను పట్టుకుని నెత్తిమీద నిలబడతారు. ఆఁ అంటే ఎళ్ళిపోతారు."

ఆ సాయంత్రమే డాక్టరుకి చూపించాం. మిగిలిన రోజులు పిల్ల ఫారం ముట్టుకోలేదు. వీధిలో ఆడవాళ్ళ అరుగుల మీద కూచుని, వాళ్ళని మాట్లాడించి సాధన చేసింది.

పరీక్షలో దానికి నాతవరం వైపు రైతు ఒకాయన వచ్చాడట. ఏమడిగినా "బానే ఉన్నానమ్మా" అంటాడట. అది కుర్చీ దగ్గరికి జరుపుకుని చెరుకు ఎలా ఉందని అడిగిందట. "నేను సూసి నెల్లాళ్ళయింది. గట్టు దాకా నడిత్తే ఆయాసం" అన్నాడట. అక్కణ్ణించి వరసగా అన్నీ బయటపడ్డాయట.

పాసయ్యింది. తోటిపిల్లలతోపాటే పై క్లాసులో చేరింది. మా ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది: "మా గుంట పాసైపోయింది. నొప్పులేవన్నా ఉంటే ఆదివారం రండి. తీరిగ్గా వింటాది."