వెనకున్న దూడ కోసం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బాగా పాడేవాళ్లు ఇద్దరే: నేనూ, మా తాతయ్యా. నేను బడిలో ప్రార్థన పాడేదాన్ని, ఆయన గేదెలకు పాడేవారు. ఎవరి శ్రోతలు శ్రద్ధగా వినేవారన్నది ఇప్పుడు చర్చించను.

ఎండాకాలం కొల్లేట్లో నీళ్లు తగ్గి గడ్డి లేచినప్పుడు గేదెల్ని అక్కడికి తోలి, తాతయ్య కాపలా ఉండేవారు. ఆ ఏడు నేను అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పైన కామవరపుకోట వైపు కుండపోతగా కురిసిందట. మా దగ్గర చినుకు లేదు. తెల్లారేసరికి మాత్రం ఆ వరద మేమున్న మేతదిబ్బను చుట్టేసింది. మధ్యాహ్నానికి దిబ్బే ఉండదన్నారు తాతయ్య.

మందను ఈదించడానికి ఒక పద్ధతుంది. ముందు దోనెలో మనిషి పాడుతూ వెళ్లాలి. ఆ గొంతు వెంబడే గేదెలు వస్తాయి. కానీ చెదిరిన గేదెల్ని పోగేస్తూ అరిచి అరిచి తాతయ్య గొంతు పోయింది.

“నువ్వెత్తుకోవే అమ్మడూ,” అన్నారు, గాలి తప్ప మాట రాని గొంతుతో.

“గొడ్ల పాటా? నేనా?”

“మరి నీ ప్రార్థన వాటికి రాదు కదే.”

పద్నాలుగు గేదెలు నీళ్లలో దిగాయి. చివర పది రోజుల దూడ. తాటిదోనెలో మా ఇద్దరికే చోటు. నడి నీటికి వచ్చేసరికి భయంతో నా పాట పరుగందుకుంది. గేదెలూ పరుగందుకున్నాయి. తాతయ్య దోనె తోసే గెడ ఆపి, నా తల పట్టుకుని వెనక్కి తిప్పారు. మందకు చాలా వెనక ఒక నల్లటి ముక్కు. మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. దాని తల్లి వెనక్కి తిరగబోతోంది. అది తిరిగితే మందంతా తిరుగుతుంది.

“పాట ముందున్నదానికి కాదే, వెనకున్నదానికి. అది ఊపిరి తీసుకున్నాకే నువ్వు తీసుకో.”

పాటలోని ఒక్క ‘హోయ్’ని పట్టుకుని సాగదీశాను. ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది. ముక్కు తేలింది. అప్పుడు నేనూ ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట అందుకున్నాను. ముందున్న గేదెలు విసుక్కుంటూనే నెమ్మదించాయి. అలా ఒక్కొక్క ఊపిరే లెక్కగా గట్టు చేరాం.

తాతయ్య తలపాగా విప్పి ముందు దూడని తుడిచారు, తర్వాత దాంతోనే నా మొహం తుడిచారు. మా ఇంట్లో సన్మానమంటే అంతే.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు తాడేపల్లిగూడెంలో పాఠాలు చెప్పాను. చివరి బెంచీ ఊపిరి పీల్చుకున్నాకే రెండో వాక్యం ఎత్తుకునేదాన్ని.

మొన్న ఏలూరులో ఒక సభలో ఆ పాటే పాడారు. డప్పులు, రంగు లైట్లు, మహా హుషారు, పాట ఒకటే పరుగు. జనం ఈలలు వేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. బాగానే పాడారు.

దూడ మాత్రం మునిగిపోయింది.