గోళ్ళ రంగు పూసిన కెపాసిటర్

మెకానిక్‌కు వినికిడి తగ్గిన సంగతి చేతి గడియారం వల్ల బయటపడింది. గంటగంటకూ కీచుమనే ఆ గడియారం ఒకరోజు మూగబోయింది. బ్యాటరీ మార్చాడు. నెల తిరక్కుండా మళ్ళీ మార్చాడు. మూడోసారి విప్పుతుంటే భార్య కుట్టుమిషను ఆపి, "ఇందాకే అరిచిందండీ అది," అంది. ఆయన మూత బిగించి గడియారం చేతికి పెట్టుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

మాటలు వినపడతాయి. లారీలు, తలుపులు, ఫ్యాను వినపడతాయి. పైశ్రుతిలో సన్నగా పలికేవే పోయాయి. ఇంకో పనివాడికైతే ఇది లెక్కలోకి రాదు. ఈయన బతుకు గిటార్ ఆంప్లిఫైయర్లు బాగుచేయడం. చెవి లేని మెకానిక్ దగ్గరికి వాయించేవాడు ఎవడొస్తాడు? అందుకని రెండేళ్ళుగా మీటరును నమ్ముకుని పనిచేస్తున్నాడు. ఆంప్లిఫైయర్ ఇచ్చేముందు మాత్రం, ఎప్పటి అలవాటు ప్రకారం, పైశ్రుతిని పెంచి తగ్గించే ట్రెబుల్ మీటతో సహా అన్నీ తన చెవికి బాగున్నచోటికి తిప్పి, అక్కడ తెల్లరంగుతో చుక్క పెట్టేవాడు. "చుక్క దాటించొద్దు," అని హెచ్చరించేవాడు. ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం బావమరిది ఎర్రటి రేకు డబ్బా పట్టుకుని వచ్చాడు. గిటారుకూ ఆంప్లిఫైయర్‌కూ మధ్య తగిలించి కాలితో నొక్కే బూస్టర్ అది. నొక్కితే గిటారులోని పైశ్రుతి మిగతా వాయిద్యాలను తోసుకుని ముందుకొస్తుంది. ముప్పై ఏళ్ళ కిందట మెకానికే చచ్చిన రేడియోలోంచి ట్రాన్సిస్టర్ పీకి చేసిచ్చాడు.

"బావా, మా బ్యాండు కొత్త లీడరు అందరి పెడళ్ళకీ కలిపి ఒకటే అడాప్టర్ పెట్టాడు. నా డబ్బా గుచ్చగానే అందరివీ చచ్చిపోయాయి."

"చావవూ మరి! నీ డబ్బాకి ప్లస్సు ఎర్తు. వాళ్ళవాటికి మైనస్సు ఎర్తు. రెండూ కలిస్తే షార్టే."

"కీబోర్డాయన నన్నిక ప్లగ్గు ముట్టుకోవద్దన్నాడు. ఇవాళ కూడా ఇలాగే అయితే గిటారు కూడా ముట్టుకోనిచ్చేలా లేరు. తిరగేసెయ్ బావా. సౌండు మాత్రం వెంట్రుకవాసి మారకూడదు. ఆరింటికి రిహార్సలు, ఐదింటికి వస్తా. నువ్వు విని బాగుందంటే చాలు, ఇంక నేను చూసుకోను కూడా."

'నువ్వు విని' అన్నచోట కుట్టుమిషను ఆగింది. మళ్ళీ కదిలింది.

చూడబోతే పని పెద్దది కాదు. పాత ట్రాన్సిస్టర్ పీఎన్పీ రకం, ప్లస్సు ఎర్తుకు సరిపోయేది. అది తీసి దానికి తిరగేసిన రకం, ఎన్పీఎన్ పెట్టాలి. అదీ ఆ కాలపు జెర్మేనియందే కావాలి, లేకపోతే సౌండు మారుతుంది. పాత రేడియోల్లో స్పీకరు వైపు రెండు రకాలూ జంటగా ఉండేవి. మెకానిక్ రేకు పెట్టెల్లో నాలుగోదాంట్లో ఒకటి దొరికింది. కాళ్ళకు పట్టిన మసి బ్లేడుతో గీకి అతికించాడు. కరెంటు వచ్చే తీగలు రెండూ అటుదిటూ ఇటుదటూ మార్చాడు. రెసిస్టర్లకు ముందూ వెనకా లేదు, వాటిని వదిలేశాడు. ఇక మిగిలినవి ప్లస్సూ మైనస్సూ ఉన్న కెపాసిటర్లు రెండు. వాటిని విప్పి, తిప్పి పెట్టాలి.

మొదటిది తిప్పాడు. రెండోది విప్పి ఊది బల్లమీద పెడుతుండగా ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి అది దొర్లిపోయి పట్టకారు పక్కన ఉంది. ఏ కొస ఎటు ఉండేదో చూద్దామని చేతిలోకి తీసుకున్నాడు. దానిమీద మెరూన్ రంగు తప్ప ఏమీ లేదు.

ఆ రంగు పూసింది తనే. అప్పట్లో ఎదురుగా ఇంకో మెకానిక్ కొట్టు ఉండేది. అతను తన డబ్బా విప్పి కాపీ కొడతాడన్న అనుమానంతో లోపలి భాగాలమీద అక్షరాలన్నీ గోళ్ళ రంగుతో కప్పేశాడు. పెళ్ళయిన కొత్తలో భార్య కొనుక్కున్న సీసా. ఆవిడ రెండు వేళ్ళకు వేసుకుంది. మిగతాది కెపాసిటర్లు వేసుకున్నాయి. ఎదురుకొట్టు మెకానిక్ ఆ డబ్బా ఎప్పుడూ విప్పలేదు. ఆ మరుసటేడు మంచాల వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు.

బ్లేడుతో గీకి చూశాడు. రంగు వచ్చింది. దాంతోపాటు కింది అచ్చూ వచ్చేసింది. కాళ్ళు రెండూ ఒకే పొడవున కత్తిరించి ఉన్నాయి. మీటరు పెడితే ఆ ముసలి కెపాసిటర్ రెండువైపులా ఒకే అంకె చూపించింది. కొత్తది వేయొచ్చు. కానీ వెంట్రుకవాసి అన్నాడు కదా. పాతదే ఉండాలి. కాసేపు జ్ఞాపకం చేసుకుని, మైనస్సు ఇటే ఉండేదని తేల్చుకుని, దాన్ని తిప్పి అతికించాడు.

వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయి. కొట్లో ఉండే, నాలుగు తీగలే మిగిలిన గిటారు తగిలించి మీటాడు. బాగానే ఉంది. కానీ ఆ డబ్బా పని పైశ్రుతిని పెంచడం. అది పెంచిందో లేదో చెప్పాల్సిన చెవే తనకు లేదు.

నాలుగున్నరయింది.

"ఏమోయ్, ఓసారి ఇలా రా."

"టీ ఇందాకే తాగారుగా?"

"టీ కాదు. ఇక్కడ నిలబడు." మీటాడు. "ఏం వినపడింది?"

"గిటారు."

"దాని వెనక?"

"వెనకా..." ఆవిడ తల వంచింది. "ఏదో నూనెలో వేగుతున్నట్టుందండీ. చిటపటా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వేగుతోంది. మీరు వాయించకపోయినా వేగుతోంది."

ఆయనకు అంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంకేమీ అడక్కుండా సోల్డరింగ్ ఐరన్ తీసుకుని కెపాసిటర్‌ను రెండోవైపు తిప్పాడు. మీటాడు.

"ఆగింది."

"నిజంగా?"

"ఆగిందంటున్నాగా. ఏంటో, గిటారు మాత్రం చెవిలో సూదిలా గుచ్చుతోంది."

"గుచ్చాలి. అందుకే చేశాను దాన్ని."

ఆవిడ మిషను దగ్గరికి వెళ్ళబోయి, మనసు మార్చుకుని స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.

బావమరిది చెప్పినట్టే ఐదింటికి వచ్చాడు. డబ్బా చంకలో పెట్టుకున్నాడు. "నువ్వు విన్నావుగా బావా? ఎలా ఉంది?"

అలవాటుగా ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ అనే 'దారికొచ్చింది' అన్నమాట నాలుక మీదికి వచ్చింది. ఇందాక అది వేగుతున్నప్పుడు కూడా తను అదే మాట అనేవాడు. కళ్ళు తెరిచాడు.

"నేను వినలేదురా. మీ అక్క విన్నది. ఓసారి తప్పు పెట్టాను, నాకు తెలియలేదు. ఆ సన్నటి సౌండు నాకు వినపడక రెండేళ్ళయింది."

బావమరిది జేబులోంచి తాళాలు తీసుకున్నాడు.

"తెలుసు బావా."

మెకానిక్ తన భార్య వైపు చూశాడు.

"నేను చెప్పలేదు," అందావిడ.

"అక్కెందుకు చెప్తుంది? నీ చుక్కలే చెప్పాయి. రెండేళ్ళుగా నువ్వు చేసిచ్చాక అందరం ట్రెబుల్ మీటని చుక్క నుంచి రెండు గీతలు కిందికి దించుకుంటాం."

"అందరూనా?"

"కీబోర్డాయన మూడు."

"మరి ఎందుకొస్తున్నారురా నా దగ్గరికి?"

"నువ్వు అతికించింది ఊడదు కదా," అన్నాడు బావమరిది, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "వస్తా అక్కా."

ఆరుంపావుకు ఫోను మోగింది. భార్య తీసింది. తమ్ముడే. వెనక డ్రమ్ములు వినపడుతున్నాయి. ఎవరి పెడలూ చావలేదట. కీబోర్డాయన సౌండు కాస్త తగ్గించుకోమన్నాడట.

బల్లమీద సోమవారం ఇవ్వాల్సిన ఆంప్లిఫైయర్ ఉంది. మెకానిక్ దాని ట్రెబుల్ మీట పక్కనున్న తెల్లచుక్కను గుడ్డతో తుడిచేశాడు. మీటను రెండు గీతలు కిందికి తిప్పి, గిటారు తీగ ఒకటి లాగి, స్టూలు మీదున్న ఆవిడ వైపు చూశాడు.

"ఇంకొక్క గీత," అంది.

తిప్పి, చుక్క పెట్టాడు.