అట్టపెట్టెల హనుమాన్ జంక్షన్

మా చిన్నప్పుడు... నేను ఐదో తరగతిలో ఉండగా... దసరా సెలవులు ఇచ్చిన రెండో రోజే పక్కింటి పద్మ ఏడుపు మొహంతో వచ్చి మా గేటు పట్టుకుని నిలబడింది.

"గ్రేసూ, మా బొమ్మలు పాడైపోయినయ్యే!"

పరుగెత్తుకెళ్ళాను. గుణదలలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. వాళ్ళ అటక మీద ట్రంకుపెట్టెలోకి వాననీళ్ళు దిగాయి. పైన సర్దిన దేవుడి బొమ్మలు బాగానే ఉన్నాయి కానీ, అడుగునున్న మట్టి బొమ్మలు... కూరగాయలమ్మి, ఎడ్లబండి, పెళ్ళివారు... అన్నీ నాని ముద్దయిపోయాయి. మర్నాడే బొమ్మల కొలువు.

పద్మావాళ్ళమ్మ శకుంతల పిన్నిగారు తెల్ల పంచె పరిచిన మెట్లకేసి చూస్తూ, "కింది మెట్టు బోసిగా ఉంటుందర్రా. మీరిద్దరూ ఏదన్నా చేసి పెట్టకూడదూ?" అన్నారు.

నాకు చేయాలనే ఉంది. కానీ మేము చర్చికి వెళ్ళేవాళ్ళం. కొలువు చూడ్డానికి అమ్మ ఏటా పంపేది కానీ, ప్రసాదం మాత్రం వద్దనేది. అది తెలిసి పిన్నిగారు, దేవుడి ముందు పెట్టకముందే చిన్న గిన్నెలో నాకు శనగలు తీసి పక్కన ఉంచేవారు. ఆ విషయం ఎవరూ పైకి అనుకున్నది లేదు... అలా జరిగిపోయేది, అంతే.

కానీ చూడ్డం వేరు, చేయడం వేరు కదా... నాన్న ఏమంటారో?

"దేవుడి బొమ్మలు కాకుండా ఊరు చేద్దామే," అన్నాను.

"ఏ ఊరు?"

"హనుమాన్ జంక్షన్."

ఎందుకన్నానో నాకే తెలియదు. నాన్న ఏలూరు బస్సు నడిపేవారు. రోజూ ఆ జంక్షన్‌లో ఆపి టీ తాగేవారట. నాలుగు రోడ్లు కలుస్తాయట, ఎటు చూసినా లారీలేనట... నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే ఇల్లు వదిలి వెళ్ళే నాన్న రోజంతా ఉండే లోకం ఎలా ఉంటుందా అని నాకు ఒకటే కుతూహలం.

అట్టలు అంటించడానికి అమ్మని మైదా లై కాచిపెట్టమని అడిగాను. "రోడ్డేగా చేసేది," అంది. గిన్నె నా చేతికిస్తూ, "నాన్నకి మాత్రం నువ్వే చెప్పుకో," అని కూడా అంది.

ఇంక చూడాలి మా హడావుడి! సబ్బుపెట్టెలకి ఎర్ర గ్లేజు కాగితం అంటిస్తే బస్సులు. అగ్గిపెట్టెలు లారీలు. సోడా మూతలు చక్రాలు. ఇసుకలో బొగ్గుపొడి కలిపితే తారురోడ్డు, రంపపుపొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపితే వరిచేలు. కొబ్బరి ఈనెలు గుచ్చి, పైన ఎండాకు కప్పితే టీ కొట్టు...

నాలుగు రోడ్లూ కలిసే చోటు మాత్రం ఖాళీగా వదిలేశాను. అక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంటుందని నాకు తెలుసు. పద్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ మాట మార్చాను.

సాయంత్రం నాన్న డ్యూటీ దిగి వచ్చారు. భయపడుతూనే చెప్పాను. ఆయన ఖాకీ చొక్కాతోనే బయటికి నడిచి, పద్మావాళ్ళ గుమ్మం ముందు చెప్పులు విడిచారు. అన్నేళ్ళలో ఆయన ఆ గుమ్మం దాటడం అదే మొదలు.

"రండి అన్నయ్యగారూ," అన్నారు పిన్నిగారు, కంగారుగా లేచి.

నాన్న కింది మెట్టు ముందు గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు చూశారు.

"ఇది బెజవాడ నుంచొచ్చే రోడ్డా?"

"ఆఁ."

"అయితే నూజివీడు రోడ్డు ఎడంపక్కకి రావాలమ్మా. గుడివాడది కుడిపక్క. తిప్పేశావు." తనే ఇసుక జరిపి రోడ్లు సరిచేశారు. "మరి మధ్యలో గుడేది?"

"చేయొచ్చో... లేదోనని..."

నాన్న నావైపు చూశారు. "ఉన్నది ఉన్నట్టు పెట్టాలమ్మా. రోజూ దాన్ని చూసే బ్రేకు మీద కాలేస్తాను. అది లేకపోతే జంక్షన్ ఎట్టా అవుద్ది?"

కత్తెర అడిగి తీసుకున్నారు. అగరుబత్తీల పెట్టె కోసి, మడతలు పెట్టి, బుల్లి గోపురం నిలబెట్టారు. దాన్ని పిన్నిగారి చేతికిచ్చి, "లోపలి సంగతి మీరు చూసుకోండమ్మా," అన్నారు.

పిన్నిగారు కళ్ళకద్దుకుని తీసుకున్నారు. పై మెట్టు మీది బొటనవేలంత ఆంజనేయుణ్ణి తెచ్చి అందులో ఉంచారు.

మరో రెండు రోజులకి నాన్న నన్ను బస్సులో తీసుకెళ్ళారు. జంక్షన్ రాగానే దిగి, ఆయన వేలు పట్టుకుని నోరు తెరుచుకుని చూశాను... ఎంత రొద, ఎంత డీజిలు వాసన! టీ కొట్టాయన, "మీ అమ్మాయాండీ?" అని అడిగితే నాన్న, "ఈ జంక్షన్ కట్టిన ఇంజినీరమ్మ ఈవిడే," అన్నారు. సిగ్గుతో ఆయన వెనక దాక్కున్నాను.

అక్కడినుంచి చూస్తుంటే జామకాయల గంపతో ఒకావిడ బస్సు కిటికీల వెంట పరుగెడుతోంది. ఇంకొకాయన బస్సు టాపు మీదకి మూటలు ఎక్కిస్తున్నాడు... అప్పుడు తట్టింది నాకు. బస్సులు చేశాం, రోడ్లు చేశాం... మనుషులు ఒక్కరూ లేరు మా ఊళ్ళో!

ఇంటికి రాగానే గుడ్డపీలికలతో మనుషుల్ని చుట్టడం మొదలుపెట్టాం. పద్మ, నేను, అమ్మ, పిన్నిగారు... అందరం పద్మావాళ్ళ వరండాలోనే. అమ్మ చుట్టిన కండక్టరుకి భుజాన సంచీ కూడా ఉంది. పేరంటానికి వచ్చినవాళ్ళు పై మెట్ల కన్నా ముందు కిందికే వంగి చూసేవారు.

మొన్న దసరా సెలవులకి మా పాప స్కూల్లో క్రాఫ్ట్ చేసుకురమ్మన్నారు. ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించాం. ముక్కలన్నీ కోసే ఉన్నాయి, ఏది ఎక్కడ అతికించాలో నంబర్లు కూడా వేసి ఉన్నాయి. అరగంటలో బ్రహ్మాండంగా తయారైంది. ఆ అరగంటలో పాప నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు... అడగాల్సిన అవసరమే రాలేదు.

మీరు మీ చిన్నప్పటి సెలవుల్లో ఖాళీ పెట్టెలతో, అట్టముక్కలతో ఏమేం కట్టారు? మీ పక్కన ఎవరు కూర్చున్నారు? చెప్పరూ... తెలుసుకోవాలనుంది.