చల్లారిన బూట్లు

ఈ ఉదయం షాపు తెరిచి మెట్ల మీద నీళ్లు చల్లుతుంటే, ఐసుగడ్డలు వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి మా ముందు నుంచి పోయింది. గోనెసంచుల కింద నుంచి కారిన నీళ్లు రోడ్డు పొడవునా సన్నటి చార గీశాయి. నంద్యాల ఎండకు ఆ చార ఎంతసేపు నిలుస్తుంది? నేను పక్క హోటల్లో టీ తెప్పించుకుని తాగేలోపే ఆరిపోయింది. నా అరిచేతులకు పట్టిన చెమట మాత్రం ఆరలేదు. ఐసు ఆటోను చూసి గుండె దడ తెచ్చుకునే చెప్పుల షాపువాడు ఈ ఊళ్లో నేనొక్కడినే అయ్యుంటాను.

దానికంతటికీ కారణం మా మేనకోడలు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మా బావ కూతురు. డిగ్రీ చదువుకోవడానికి నంద్యాల వచ్చి మా ఇంట్లోనే ఉండేది. వచ్చిన పిల్ల చదువుతోపాటు ఒక ఆట కూడా పట్టింది. పిడి ఉన్న బరువైన బిళ్లను మంచు మీద జార్చి, దూరంగా ఉన్న గురి దగ్గరికి పంపాలట. కాళ్లకు చక్రాలూ ఇనప పట్టీలూ ఏమీ ఉండవు, బూట్లతోనే ఆడాలి. మా ఊళ్లో మంచు అంటే సోడా బంకులో ఉండేదే కనుక ఆ ఆట ఆడే పిల్లలు సిమెంటు నేల మీద నేర్చుకునేవారు. ఇదేం ఆటరా దేవుడా అని నేను నవ్వుతూ ఉండగానే ఆమెను రాష్ట్రం జట్టులోకి తీసుకున్నారు. కాశ్మీరుకు పోవాలి, నిజమైన మంచు మీద ఆడాలి. అప్పుడు ఆగింది నా నవ్వు.

మా బావ ససేమిరా అన్నాడు. చిన్నప్పుడు మెట్ల మీద జారిపడి ఆ పిల్ల కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. మళ్లీ విరిగితే చెయ్యి సరిగా తిరగడం కష్టమని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఉలి పట్టి బతికే మనిషికి చెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పాలా? మా అక్క నచ్చజెప్పింది, నేను బతిమాలాను. చివరికి ఆయన ఒక మాట అన్నాడు.

"ఐసు మీద నా కండ్ల ముందర నిలబడి ఆ బిళ్ల ఇసరాల. పడకుంటే పో. పడితే ఇంగ ఆ మాటెత్తొద్దు."

బూట్ల సంగతి నాకు వదిలెయ్యమని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. తరాల నుంచి ఊరికి చెప్పులు తొడిగే ఇల్లు మాది, ఆ మాత్రం గీర ఉండదా? సోడా బంకు దగ్గర ఒక ఐసుగడ్డ అడిగి తెచ్చుకుని, షాపులో ఉన్న జతలన్నీ దానిమీద పెట్టి నొక్కి చూశాను. కొత్త అడుగుల నున్నదనానికి అవి నీళ్లలో చేపల్లా జారిపోయాయి. గరుకు కాగితంతో రుద్దాను, కొంత నయమైంది. తర్వాత సైకిలు ట్యూబు కోసి మెత్తటి రబ్బరు ముక్కలు అంటించాను. అవి ఐసును కరుచుకుని పట్టాయి. మేనకోడలు నా భుజం పట్టుకుని ఒంటికాలు మీద నిలబడి, "మామా, పట్టు దొరికింది" అంది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

పరీక్ష రోజు తెల్లవారకముందే ఐసు ఫ్యాక్టరీలో ట్రాలీ ఆటోకు గడ్డలు ఎక్కించి, చుట్టూ ఊక పోసి, పైన గోనెలు కప్పి ఆళ్లగడ్డ బయలుదేరాం. చలికాలమే అయినా దారి పొడవునా వెనక్కి తిరిగి కారే నీళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఆటోవాడు టీ కోసం ఆపితే వాడిమీద కేకలు వేశాను. మా బావ షెడ్డులో నున్నటి బండ మీద గడ్డలను వరసగా పేర్చేసరికి ఎండ ఎక్కింది. చూస్తే ఎడమ బూటు అంచున ఒక రబ్బరు ముక్క లేచి ఉంది. మళ్లీ గమ్ము పూసి, మా వ్యాపారంలో అందరూ చేసే పనే చేశాను. జతను బోర్లించి, గమ్ము గట్టిపడేదాకా ఎండకు వేడెక్కిన రాయి మీద పెట్టాను.

మేనకోడలు ఆ బూట్లు వేసుకుని ఐసు మీద ఒక అడుగు వేసింది. రెండో కాలు ఎత్తగానే మొదటిది సర్రుమని పోయింది. కుడి చెయ్యి కిందికి ఆనించబోయింది. మా బావ ఒక్క అంగలో వచ్చి ఆమెను రెక్క పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఊకలో కూలబడ్డారు. ఆయన లేచి, బిడ్డ మణికట్టు తడిమి చూసి, "ఇంగ సాలు. ఇప్పెయ్" అని మాత్రం అన్నాడు. పోయి ఉలి పట్టుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

మేనకోడలు మాత్రం ఏడవలేదు. వంగి ఐసు వైపే చూస్తోంది. ఆమె కాలు పెట్టిన చోట బూటు అడుగు అచ్చుగా దిగి, అందులో నీళ్లు నిలిచాయి. బూటు విప్పి అడుగును చెంపకు ఆనించుకుంది.

"మామా, ఇది యెచ్చగుండాది. దీని యేడికే కింద ఐసు కరుగుతాండాది."

రెండు బూట్లనూ మిగిలిన ఐసు ముక్కల మధ్య ఊకలో పూడ్చి పైన గోనె కప్పింది. ఇక చేసేదేమీ లేదు, కూర్చోవడమే. బూట్లు చల్లబడాలి, అందాకా బండ మీది ఐసు నిలవాలి. బండ అంచు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను గోనెపట్టాతో ఐసును తుడుస్తూనే ఉన్నాను, ప్రతిసారీ అది ఇంకొంచెం పలచబడినట్టే ఉంది. మా బావ ఉలి చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. తలెత్తి చూస్తే ఆయన మా వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

చివరికి ఆమె లేచి ఊక దులిపి బూట్లు తొడుక్కుంది. "నాయనా, ఇంగొక్క తూరి సూడు" అంది. ఆయన చేతులు చాపి బండ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. కాలు కదల్లేదు. మోకాలు వంచి బిళ్లను వదిలింది. అది ఐసు మీద జారి, అవతల ఊక కుప్పలో తల దూర్చి ఆగింది. పిల్ల మాత్రం ఉన్నచోటే ఉంది. మా బావ చాపిన చేతులు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"ఆడ గూడా బూట్లు బయటే పెట్టు. పొయ్యి కాడ పెట్టొద్దు" అన్నాడు. పొమ్మనడం ఆయనకు అట్లాగే వచ్చు.

కాశ్మీరులో పతకం రాలేదు, పిల్ల పడనూ లేదు. తిరిగొచ్చి ఆ బూట్లు నాకే ఇచ్చింది, షాపులో పైఅరలో ఉన్నాయి. ఆ ఐసు మధ్యాహ్నానికల్లా నీళ్లై, సాయంత్రానికి ఆ తడి కూడా లేకుండా పోయింది. కానీ బూట్లు చల్లారాలని ఊక కుప్ప చుట్టూ కూర్చున్న ఆ కాసేపట్లోనే మా బావ తన కూతురి చెయ్యి వదలడం నేర్చుకున్నాడనీ, ఎదురుగానే ఉండి కూడా ఆ సమయంలో నేను ఐసునే చూస్తూ కూర్చున్నాననీ ఇప్పుడు తెలుస్తోంది.